రివర్స్ సెన్సార్‌కు ఏం వినబడుతుంది, ఏం వినబడదు
పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారు వెనక బంపర్‌లో ఉండే పార్కింగ్ సెన్సార్ల గురించే. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే ప్రతి కొత్త కారుకూ ఇవి తప్పనిసరి అయ్యాయి. అంతకు ముందు కొన్నవాళ్లు బయట బిగించుకుంటున్నారు. ఉత్తరాలన్నీ చదివితే ఒక విషయం తెలిసింది. సెన్సార్ మోగకపోతే వెనక ఏమీ లేనట్టేనని చాలామంది నమ్ముతున్నారు. మోగలేదంటే దానికి ప్రతిధ్వని అందలేదని మాత్రమే అర్థం. ఈ తేడా పట్టుకుంటే కింది జవాబుల్లో చాలా వాటికి దారి దొరుకుతుంది.

ప్రశ్న (మధురవాడ, ఇంజినీరింగ్ విద్యార్థి): ఈ సెన్సార్ దూరం ఎలా కొలుస్తుంది? ఇది రాడారా? బాగా దగ్గరికి వెళ్లాక అంకె చూపించడం మానేసి ఒకటే మోత ఎందుకు మోగుతుంది?

జవాబు: ఇది ధ్వనితో పనిచేస్తుంది. బంపర్ మీద మీకు కనిపించే గుండ్రటి బిళ్ళ ఒక చిన్న అల్యూమినియం గిన్నెకు అడుగు. దాని లోపలి వైపు పీజో సెరామిక్ బిళ్ళ అతికించి ఉంటుంది. కరెంటు ఇస్తే ఆ సెరామిక్ కంపిస్తుంది. బయటి నుంచి కంపనం తగిలితే కరెంటు పుట్టిస్తుంది. ఒత్తిడికి విద్యుత్తు పుట్టే ఈ గుణాన్ని 1880లో ఫ్రాన్స్‌లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. అందుకే సెన్సార్‌లో నోరూ చెవీ ఒకటే. బయట కొనే కిట్లు ఎక్కువగా 40 కిలోహెర్ట్జ్ (సెకనుకు 40 వేల కంపనాలు) దగ్గర, కంపెనీ అమర్చినవి చాలావరకు 48 నుంచి 58 కిలోహెర్ట్జ్ మధ్య పనిచేస్తాయి. మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినలేదు కాబట్టి మామూలుగా మనకు బజర్ మోత మాత్రమే తెలుస్తుంది.

సెన్సార్ ఒక మిల్లీసెకను కన్నా తక్కువసేపు ధ్వనిని పంపి, తర్వాత వినడానికి కూర్చుంటుంది. 30 డిగ్రీల వేడిలో గాలిలో ధ్వని సెకనుకు సుమారు 349 మీటర్లు పోతుంది. మీటరు దూరంలో గోడ ఉంటే పోను ఒక మీటరు, రాను ఒక మీటరు, మొత్తం 2 మీటర్లకు 5.7 మిల్లీసెకన్లు పడుతుంది. కంట్రోల్ బాక్స్ కొలిచేది ఈ కాలాన్నే. నాలుగు సెన్సార్లూ ఒకేసారి అరిస్తే ఎవరి ప్రతిధ్వని ఎవరిదో తెలియదు కాబట్టి ఒకదాని తర్వాత ఒకటి అరుస్తాయి. మంచి వ్యవస్థల్లో ఒకటి అరిచినప్పుడు పక్కది కూడా వింటుంది. ఆ రెండు దూరాలను కలిపి అడ్డం ఏ మూల ఉందో లెక్కగడతారు. చౌక కిట్లు అన్నిటికన్నా దగ్గరి అంకెను మాత్రం చూపిస్తాయి.

ఇక ఒకటే మోత సంగతి. ధ్వని పంపడం ఆపినా అల్యూమినియం పొర వెంటనే ఆగదు, ఇంకాస్త కంపిస్తూనే ఉంటుంది. ఆ లోపల వచ్చిన ప్రతిధ్వని ఆ కంపనంలోనే కలిసిపోతుంది. కంపనం ఆగడానికి ఒక మిల్లీసెకను పడితే అప్పటికి ధ్వని 35 సెంటీమీటర్లు వెళ్లినట్టు. రానుపోను సగం చేస్తే సెన్సార్ ముందు 17 సెంటీమీటర్ల మేర గుడ్డి ప్రాంతం. అందుకే తయారీదారులు 30 సెంటీమీటర్ల దగ్గరే ఆగమని చెప్పేస్తారు. ఒకటే మోత మొదలయ్యాక ఇంకో అంగుళం, ఇంకో అంగుళం అని జరిపేవాళ్లకు ఆ చివరి భాగంలో సెన్సార్ ఏ సాయమూ చేయలేదు.

ప్రశ్న (సీతమ్మధార): మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో చక్రం ఆగడానికి పెట్టిన సిమెంటు దిమ్మ ఉంది. వెనక్కి వస్తుంటే మొదట బీప్ వచ్చింది, తర్వాత ఆగిపోయింది. దారి ఉందనుకుని వచ్చాను, బంపర్ కింది భాగం పగిలింది. సెన్సార్ పాడైందా?

జవాబు: పాడు కాలేదు, అది అలాగే పనిచేస్తుంది. దీన్ని కాస్త వివరంగా చెబుతాం, ఎందుకంటే ఇలాగే బంపర్ పగిలిన ఉత్తరాలు ఇంకా వచ్చాయి.

సెన్సార్ ధ్వని అడ్డంగా చాలా వెడల్పుగా, సుమారు 120 డిగ్రీల మేర పరుచుకుంటుంది. నిలువుగా మాత్రం 60 డిగ్రీలకు అటూఇటూగా కుదిస్తారు. లేకపోతే రోడ్డే అడ్డంకిలా వినబడి ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. సెన్సార్ నేలకు 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. ఆ 60లో సగం, అంటే కిందివైపు 30 డిగ్రీల వంపుతో లెక్క వేస్తే, సెన్సార్‌కు 52 సెంటీమీటర్ల దూరంలో ధ్వని కింది అంచు నేలకు 20 సెంటీమీటర్ల పైన ఉంటుంది. అంటే 20 సెంటీమీటర్ల ఎత్తున్న దిమ్మ మీటరు దూరంలో వినబడుతుంది, అర మీటరు కన్నా దగ్గరికి వస్తే ధ్వని దాని నెత్తి మీదుగా పోతుంది. 15 సెంటీమీటర్ల దిమ్మయితే 60 సెంటీమీటర్ల దగ్గరే మాయమవుతుంది. మీరు దగ్గరవుతున్న కొద్దీ బీప్ ఆగిపోయిందంటే కారణం ఇదే.

కాబట్టి వెనక్కి వస్తూ ఒకసారి బీప్ విన్నాక, ఇంకా వెనక్కే వస్తుంటే అది ఆగిపోతే, బ్రేకు వేసి దిగి చూడండి. మొదటి నుంచీ మోగకపోవడం కన్నా మోగి ఆగిపోవడం ఎక్కువ ప్రమాదం.

సెల్లార్‌లో ఇంకో శత్రువు పిల్లర్. చదరపు పిల్లర్ మూల సరిగ్గా కారు వైపు తిరిగి ఉంటే, నున్నటి టైల్స్ అతికించిన రెండు ముఖాలూ ధ్వనిని చెరో పక్కకు తోసేస్తాయి. అద్దం మీద పడ్డ వెలుగు పక్కకు పోయినట్టే ఇది కూడా. సెన్సార్‌కు తిరిగి వచ్చేది చాలా తక్కువ. గీతలు పడకుండా పిల్లర్‌కు మెత్తటి స్పాంజి కట్టే అలవాటు ఉంది. ఆ స్పాంజి ధ్వనిని మింగేస్తుంది, పిల్లర్ ఇంకా వినబడకుండా పోతుంది. కట్టాలనుకుంటే గట్టి రబ్బరు మూల పట్టీలు బిగించండి, అవి ధ్వనిని బాగా తిప్పి పంపుతాయి. స్టీరింగ్ తిప్పుతూ వెనక్కి వచ్చేటప్పుడు కారు ముందు మూల బయటికి ఊగుతుంది. ఆ వైపు పిల్లర్ గురించి వెనక సెన్సార్లకు తెలిసే దారే లేదు.

ప్రశ్న (ఆరిలోవ): మా వీధి కొండవాలు. ఇంట్లోంచి వెనక్కి ర్యాంపు ఎక్కి రోడ్డు మీదికి రావాలి. ఏమీ లేకపోయినా ర్యాంపు మొదట్లో మోగుతుంది, పైకి వచ్చాక రోడ్డు మీద బండి ఉన్నా మోగదు.

జవాబు: రెండూ ఒకే కారణం వల్ల. కారు సమంగా నిలబడి వెనక నేల పైకి లేస్తుంటే ఆ ర్యాంపే అడ్డంలా ధ్వనిని తిప్పి పంపుతుంది. చక్రాలు జారకుండా గాళ్ళు పెట్టిన కాంక్రీటయితే మరీను. ఆ మోతను పట్టించుకోకపోయినా ఫర్వాలేదు. రెండోదే ప్రమాదం. ర్యాంపు చివర కారు తోక ఆకాశం వైపు లేచి ఉంటుంది, ధ్వని కూడా అటే పోతుంది. అవతల రోడ్డు మీద పడుకున్న కుక్క గానీ, కూర్చున్న పిల్లవాడు గానీ, పక్కకు ఒరిగి ఆగిన స్కూటీ గానీ దాని దారిలో ఉండవు. ర్యాంపు అంచుకు వచ్చే ముందే ఒక మనిషిని రోడ్డు మీద నిలబెట్టడం ఒక్కటే నమ్మకమైన పద్ధతి.

అలాగే గోతులు. మూత లేని కాలువ, గెడ్డ గట్టు, తవ్వి వదిలేసిన కేబుల్ గొయ్యి లాంటివాటికి ప్రతిధ్వని ఉండదు. నేల లేకపోవడాన్ని ఈ సెన్సార్ ఏ విధంగానూ చెప్పలేదు.

ప్రశ్న (గాజువాక): లారీల మధ్య పార్క్ చేస్తే సెన్సార్ పిచ్చిగా మోగుతుంది. ఒకసారి ఇనుప చువ్వలు బయటికి పొడుచుకొచ్చిన లారీ దగ్గర మాత్రం మోగలేదు, వెనక అద్దం పగిలింది.

జవాబు: లారీల, బస్సుల ఎయిర్ బ్రేక్ గాలి వదిలినప్పుడు వచ్చే బుస్సుమనే చప్పుడులో మనకు వినబడని పై స్థాయి ధ్వనులు కూడా ఉంటాయి. సెన్సార్ వాటిని తన ప్రతిధ్వని అని పొరబడుతుంది. పక్కన ఇంకో కారు అదే తరహా సెన్సార్‌తో రివర్స్ చేస్తున్నా ఇలాగే జరగవచ్చు. ఒక్క క్షణం ఆగితే సర్దుకుంటుంది.

చువ్వల విషయం వేరు. 40 కిలోహెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం, అంటే ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య దూరం, దాదాపు 8.7 మిల్లీమీటర్లు. 8, 10 మిల్లీమీటర్ల చువ్వ దానికి దాదాపు సమానం, పైగా గుండ్రం. తాకిన ధ్వని అన్ని దిక్కులా చెదిరి, తిరిగి వచ్చేది బలహీనంగా ఉంటుంది. గొలుసు, తీగ కంచె, వేలాడదీసిన చేపల వల కూడా ఈ జాబితాలోవే. దానికి తోడు ఎత్తు. 50 సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న సెన్సార్ ధ్వని అర మీటరు దూరంలో 80 సెంటీమీటర్ల ఎత్తు కూడా దాటదు. లారీ తొట్టి అంతకన్నా పైన ఉంటుంది. సెన్సార్ వినేది లోపల ఉన్న చక్రాన్నో ఇరుసునో. అది చూపే దూరం లారీ చక్రానిది, పొడుచుకొచ్చిన సరుకుది కాదు. లారీ వెనక రివర్స్ చేయాల్సి వస్తే అంకెను వదిలేసి అద్దం, కళ్ళు వాడండి.

ప్రశ్న (పెదవాల్తేరు): వాన పడిన రోజు ఆగకుండా మోగుతోంది. ఎండిన తర్వాత బాగానే ఉంటోంది. ఈమధ్య ఎండలో కూడా అలాగే చేస్తోంది. నాలుగు సెన్సార్లూ మార్చాలంటున్నారు.

జవాబు: నాలుగూ ఒకేసారి పోవడం అరుదు. నాలుగూ మార్చే ముందు ఈ వరుసలో చూడండి.

మొదట తడి గుడ్డతో నాలుగు బిళ్ళలనూ, ముఖ్యంగా బిళ్ళకూ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రింగుకూ మధ్య సన్నటి సందునూ మెత్తగా తుడవండి. ఆ సందులో నీటి బొట్టు నిలిచినా, ఎండిన మట్టి బిగుసుకున్నా పొర కంపనం ఆగడానికి ఎక్కువ సమయం పడుతుంది. కంట్రోల్ బాక్స్ పెట్టె దాన్ని ‘చాలా దగ్గర్లో అడ్డం ఉంది’ అని అర్థం చేసుకుంటుంది. పోర్టు వైపు తిరిగే బండ్లకు బొగ్గు ధూళి, ఖనిజ ధూళి ఈ సందులోనే పేరుకుంటాయి. పిన్నుతో, స్క్రూడ్రైవర్‌తో గీకకండి. వాషింగ్ చేసేటప్పుడు ప్రెషర్ గన్ సెన్సార్‌కు ఎదురుగా దగ్గరగా పెట్టవద్దని కుర్రాడికి చెప్పండి.

తర్వాత వేలి పరీక్ష. ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, తాళం ఆన్‌లో ఉంచి రివర్స్ గేర్ వేయండి. ఆటోమేటిక్ బండి అయితే ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. పక్క నుంచి చేయి చాచి ఒక్కో బిళ్ళ మీద వేలి కొన ఆనించండి. బాగున్న సెన్సార్ సన్నగా టిక్ టిక్ మని తగులుతుంది, చెవి దగ్గర పెడితే ఒక్కో అరుపు మొదలై ఆగే ఆ టిక్ వినబడుతుంది కూడా. ఒకటి మాత్రం స్తబ్ధుగా ఉంటే అనుమానం దాని మీద.

అప్పుడు కూడా వెంటనే కొనకండి. బయట బిగించిన కిట్ అయితే డిక్కీలోని పెట్టె దగ్గర అనుమానం ఉన్న సెన్సార్ ప్లగ్గునూ బాగున్నదాని ప్లగ్గునూ అటూఇటూ మార్చండి. లోపం సెన్సార్‌తో పాటు కొత్త స్థానానికి వెళితే పోయింది సెన్సార్ లేదా దాని వైరు. పాత స్థానంలోనే ఉండిపోతే పోయింది పెట్టె. సముద్రపు గాలి తగిలే ఇళ్ళలో మాత్రం ఇంకో చోటు చూడాలి. బంపర్ లోపలి కనెక్టర్లలో రాగి పిన్నులకు ఆకుపచ్చ చిలుము పడుతుంది. బీచ్ రోడ్డు చుట్టుపక్కల ఆరుబయట నిలిపే బండ్లలో సెన్సార్ కన్నా ముందు పోయేది ఇదే. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరనిచ్చి, పలుచగా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని, తేమను ఆపే గ్రీజు) పూసి మళ్ళీ బిగించాలి. పిన్ను తినేసి ఉంటే కనెక్టర్ మార్చాలి. ఉత్త టేపు చుడితే తేమను లోపలే బంధించినట్టవుతుంది.

కంపెనీ అమర్చిన వ్యవస్థలో ఈ ప్లగ్గులు మార్చే పని ఇంట్లో చేయకండి. స్కానర్ పెడితే ఏ సెన్సార్ పోయిందో కోడ్ చూపిస్తుంది. ఆ కోడ్ చూపించమని అడిగి, ఆ ఒక్కటే మార్పించుకోండి.

ప్రశ్న (అక్కయ్యపాలెం): సెన్సార్ మోగింది, వెంటనే బ్రేకు వేశాను, అయినా గేటుకు తగిలింది.

జవాబు: వేగం చూసుకోండి. గంటకు 5 కిలోమీటర్లంటే సెకనుకు 1.4 మీటర్లు. సెన్సార్లు వంతులవారీగా విని, ప్రతిధ్వని నిజమేనని మళ్ళీ సరిచూసుకుని బజర్ మోగించడానికి సెకనులో మూడో వంతు వరకు పోవచ్చు, మీ కాలు కదలడానికి ఇంకో సెకను. ఈలోగా బండి దాదాపు 1.8 మీటర్లు వస్తుంది. చాలా కిట్లు మోగడం మొదలుపెట్టేదే 1.5 మీటర్ల దగ్గర. క్లచ్ మీద పాకిస్తూ, గంటకు 3 కిలోమీటర్లు దాటకుండా వస్తే సెన్సార్‌కూ మీకూ సమయం మిగులుతుంది.

ప్రశ్న (మర్రిపాలెం): 2015 నాటి చిన్న కారు. నాలుగు సెన్సార్ల కిట్ కొన్నాను. మెకానిక్ దగ్గర ఏం గమనించాలి?

జవాబు: ఎత్తు మొదటిది. చాలా కిట్లకు నేల నుంచి 50, 65 సెంటీమీటర్ల మధ్య ఉండాలి. మీ కిట్ కాగితంలో ఉన్నదే పాటించండి. కిందికి పెడితే రోడ్డు వినబడుతుంది, పైకి పెడితే దిమ్మలు తప్పిపోతాయి. చివరి రెండూ బంపర్ వంపు తిరగడానికి కాస్త ముందు, మధ్య రెండూ సమాన దూరాల్లో రావాలి. రంధ్రం పెట్టే ముందు లోపల ఇనుప బీమ్, వైర్ల కట్ట తగలవని బంపర్ వెనక చేయి పెట్టి చూసుకోవాలి. మాస్కింగ్ టేపు అతికించి గుర్తు పెట్టి, ముందు సన్నటి బిట్టుతో, తర్వాత కిట్‌లో వచ్చిన గుండ్రటి రంపం బిట్టుతో నెమ్మదిగా తొలవాలి. వేరే కొలత బిట్టు వాడితే సెన్సార్ వదులై ఊగుతుంది.

సెన్సార్ వెనక ‘అప్’ గుర్తో, బాణమో ఉంటుంది. అది పైకే ఉండాలి. ఇది చాలామంది వదిలేసే విషయం. సెన్సార్ పక్కకు తిరిగితే వెడల్పాటి ధ్వని నిలువుగా మారి నేల మీద పడుతుంది, ఖాళీ రోడ్డు మీద కూడా మోగుతుంది. బంపర్ కిందికి వాలి ఉంటే కిట్‌తో వచ్చే ఏటవాలు రింగు వేయించండి. లోపలికి నొక్కేటప్పుడు వేళ్ళు అంచు మీద ఉండాలి, మధ్య బిళ్ళ మీద బలం పడకూడదు.

వైర్లు సైలెన్సర్‌కు దూరంగా, రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకు వేసే రింగు) గుండా డిక్కీలోకి రావాలి. ఎక్కువైన వైరును కోయకుండా మడిచి కట్టాలి. ఏ, బీ, సీ, డీ ప్లగ్గులు వాటి స్థానాల్లోనే పెట్టాలి, లేకపోతే ఎడమ అడ్డం కుడివైపు కనిపిస్తుంది. ఎర్ర వైరు రివర్స్ లైటు పాజిటివ్‌కు, నల్లది బాడీ ఎర్త్‌కు. తర్వాత ఒకరు ప్లైవుడ్ ముక్క పట్టుకుని ఒకటిన్నర మీటరు, మీటరు, అర మీటరు దూరాల్లో ప్రతి సెన్సార్ ఎదురుగా నిలబడితే, టేపుతో కొలిచి తెర మీద అంకెతో పోల్చండి. డబ్బు ఇవ్వడం ఆ తర్వాతే. ఒక సెన్సార్ పోయినప్పుడు వేరే కిట్ సెన్సార్ తెచ్చి కలపకండి. పౌనఃపున్యం (సెకనుకు కంపనాల సంఖ్య) కలవకపోతే అది సరిగా వినదు.

ప్రశ్న (ఎన్‌ఏడీ): బంపర్ రంగు వేయించాక పని చేయడం లేదు.

జవాబు: పుట్టీ, ప్రైమర్, రంగు, పైన వేసే లక్కర్ పూత కలిసి సెన్సార్ పొరను మందం చేశాయి. అది ఇప్పుడు సరిగా కంపించలేదు. రంగు వేసే ముందు సెన్సార్లు విప్పించాల్సింది. గీకితే అల్యూమినియం పాడవుతుంది, మార్చడమే మేలు.

ప్రశ్న (ఎంవీపీ కాలనీ): ఈ ధ్వని పసిపిల్లలకు, కుక్కలకు హాని చేస్తుందా? వెనక పిల్లలుంటే పసిగడుతుందా?

జవాబు: హాని లేదు. ఒక్కో అరుపు మిల్లీసెకను కూడా ఉండదు, దూరంతో త్వరగా బలహీనపడుతుంది, రివర్స్ వేసినప్పుడే వస్తుంది. కుక్కలు సుమారు 45 కిలోహెర్ట్జ్ వరకు, పిల్లులు అంతకన్నా పైన కూడా వింటాయి కాబట్టి వాటికి వినబడవచ్చు. అలా అని అవి లేచి పోతాయని నమ్మకండి.

పిల్లల విషయంలో మాత్రం సెన్సార్‌ను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. నూలు బట్టలు ధ్వనిని కొంత మింగేస్తాయి, గుండ్రటి చిన్న శరీరం మిగతాది చెదరగొడుతుంది. బంపర్ దగ్గర కూర్చుని ఆడుకునే బిడ్డ సీతమ్మధార దిమ్మ లాగే ధ్వనికి కిందే ఉండిపోతుంది. తాళం తిప్పే ముందు బండి చుట్టూ ఒకసారి నడవండి. ఇంట్లో చంటిపిల్లలుంటే, ఎవరో ఒకరి చేతిలో ఉన్నారని కళ్ళతో చూశాకే రివర్స్ వేయండి.

ప్రశ్న (భీమిలి): ఎండాకాలంలో దూరం తప్పు చూపిస్తుందా? అరకు మంచులో పనిచేస్తుందా?

జవాబు: 10 డిగ్రీల్లో ధ్వని వేగం సెకనుకు 337 మీటర్లు, 40 డిగ్రీల్లో 355. తేడా 5 శాతం. వేడిని సరిదిద్దుకోని కిట్‌లో కూడా మీటరుకు 5 సెంటీమీటర్లే తప్పుతుంది, దిగులు అక్కర్లేదు. మంచు బిందువులు ఈ ధ్వని తరంగం ముందు మరీ చిన్నవి, అడ్డుకోవు. కెమెరా తెర తెల్లబోయే పొగమంచులో సెన్సార్ పనిచేస్తుంది. దిమ్మలు, గోతులు, చువ్వలు కెమెరాలో కనిపిస్తాయి. అందుకే కొనగలిగితే రెండూ ఉండాలి.

ప్రశ్న (రుషికొండ): మా జీపుకు స్టెప్నీ వెనక తలుపు మీద ఉంది. 30 సెంటీమీటర్లు చూపిస్తుండగానే గోడకు తగిలింది.

జవాబు: సెన్సార్ తన ముఖం నుంచి కొలుస్తుంది, స్టెప్నీ అంతకన్నా బయటికి ఉంది. బంపర్ అంచు నుంచి స్టెప్నీ బయటి అంచుకు టేపుతో కొలవండి. ఆ కొలతను తెర మీద అంకెలోంచి తీసేయాలి. కొన్ని కిట్లలో టో హుక్ (వేరే బండిని లాగే కొక్కెం) కోసం ఇచ్చిన సెట్టింగ్ ఉంటుంది, అందులో ఈ కొలత పెడితే బజరే ముందుగా మోగుతుంది. సైకిల్ క్యారియర్, వంగిన నంబరు ప్లేటు ఫ్రేము సెన్సార్ ముందుకు వస్తే ఆగకుండా మోగుతుంది, వాటినీ సరిచూసుకోండి.